అరచేతికి అంటుకునే చుక్కలు

హోస్ట్: నమస్కారం. ఈరోజు జపాన్ దక్షిణపు కొసకు, తైవాన్‌కు దగ్గరగా ఉండే ఇరియోమోతె, తాకెతోమి దీవులకు వెళ్దాం. మేడమ్, సూక్ష్మజీవులను చూడాలంటే మైక్రోస్కోప్ కావాలి కదా, మీరేమో చేత్తో పట్టుకోవచ్చంటున్నారు!

అతిథి: పట్టుకోవచ్చండీ. తాకెతోమి ఒడ్డున తడి అరచేతిని ఇసుకలో అదిమి తీయండి. అంటుకున్న రేణువుల్లో కొన్నింటికి కొమ్ములుంటాయి, అచ్చం పిల్లలు గీసే నక్షత్రాల్లా. అక్కడ వాటిని హోషిజునా అంటారు, అంటే చుక్కల ఇసుక. ఒక్కోటి మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అదంతా ఒకే ఒక్క కణం కట్టుకున్న సున్నపు గూడు! ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులవి.

హోస్ట్: ఒక్క కణమా? నమ్మలేకపోతున్నాను.

అతిథి: ఆ ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. ఉత్తరపు చుక్కకూ దక్షిణపు చుక్కకూ పుట్టిన పిల్లలను సముద్రంలో పాము మింగేసిందట, మిగిలిన ఎముకలే ఒడ్డుకు కొట్టుకొచ్చాయట. నాకు ఆ కథంటే ప్రాణం. ఎముకలన్న మాట దాదాపు నిజమే కదా, అవి చనిపోయిన ప్రాణుల గూళ్లే.

హోస్ట్: మరి బతికున్నప్పుడు ఎక్కడుంటాయి?

అతిథి: పగడపు దిబ్బల మీద, లోతు తక్కువ నీళ్లలో, పొట్టి నాచును పట్టుకుని. అప్పుడు గోధుమ రంగులో ఉంటాయి. ఆ రంగు లోపల కాపురముండే డయాటమ్‌లు అనే సూక్ష్మ శైవలాలది. అవి ఎండతో చక్కెర తయారుచేసి, కొంత ఇల్లిచ్చినవాళ్లకు పెడతాయి. ఇల్లిచ్చినవాళ్లు వదిలే నత్రజని వ్యర్థాలు వాటికి ఎరువు. ఆ నీళ్లలో పోషకాలు చాలా తక్కువ, అందుకే అంత తేటగా ఉంటాయి. అలాంటిచోట ఏదీ పారేయకుండా వాడుకునేవాళ్లే నిలబడతారు. పగడాలదీ ఇదే దారి, కాకపోతే వాటిలో ఉండేది వేరే రకం శైవలం.

హోస్ట్: ఇరియోమోతెలో మడ అడవులు కూడా ఉన్నాయి కదా?

అతిథి: నకామా నది ఒడ్డున బాగా ఉన్నాయి. బురదను కాస్త తవ్వితే నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ అందదు, దాని బదులు సల్ఫేట్‌తో బతికే బ్యాక్టీరియా ఉంటాయి. ఆ వాసన, ఆ నలుపు రెండూ వాటి పనే.

హోస్ట్: సముద్రం వేడెక్కితే ఈ పొత్తులన్నీ ఏమవుతాయి?

అతిథి: చెడిపోతాయండీ. 2016 వేసవిలో ఇషిగాకి, ఇరియోమోతె దీవుల మధ్య, పగడపు దిబ్బలున్న లోతు తక్కువ సముద్రమైన సెకిసెయి లగూన్‌లో చూశాం కదా. నీళ్లు వేడెక్కి, పగడాలు తమలోని శైవలాలను వదులుకుని తెల్లబడ్డాయి. దాదాపు 70 శాతం చచ్చిపోయాయి. ఆ అంకె చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. చుక్కల ఇసుక జీవుల్లోని డయాటమ్‌లు కూడా మితిమీరిన వేడికి దెబ్బతింటాయి. పైగా వాన పడితే పొలాల ఎర్రమట్టి కొట్టుకొచ్చి నీళ్లను మసకబారుస్తుంది, ఎండ అందదు.

హోస్ట్: కానీ ఒడ్డున ఇసుక అలాగే ఉందిగా?

అతిథి: దాన్ని చూసే అంతా బాగుందనుకుంటాం. ఖాళీ గూళ్లు ఏళ్ల తరబడి పాడవకుండా ఉంటాయి. అసలు సంగతి తెలియాలంటే దిబ్బ మీది నాచు గుప్పెడు తెచ్చి, పళ్లెంలో నీళ్లు పోసి బాగా జాడించి, అడుగున రాలిన గోధుమ రంగు చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి.