కుక్కకు ఇంట్లో చేసే పండ్ల బిస్కెట్లు

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో కుక్క ఉంది, వంటగదిలో ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఉంది అంటే, దానికి బిస్కెట్లు మనమే చేసి పెడదామన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అరటిపండుతో చేయొచ్చు, యాపిల్‌తో చేయొచ్చు, వేసవిలో బంగినపల్లి గుజ్జుతోనూ చేయొచ్చు. అయితే ఇలా చేసిన బిస్కెట్లు చాలాసార్లు మూడో రోజుకు మెత్తబడిపోతాయి, ఆ తర్వాత బూజు పడతాయి. తప్పు పిండిది కాదు, పొయ్యిది కాదు. పండులో ఉన్న నీటిది. 100 గ్రాముల అరటిపండులో సుమారు 75 గ్రాములు నీరే. మామిడిలో 83, యాపిల్‌లో 86, బొప్పాయిలో 88, పుచ్చకాయలో 91. ఆ నీరు పిండిలోకి ఎంత వస్తోంది, కాల్చాక ఎంత మిగిలింది అన్న లెక్క తెలిస్తే బిస్కెట్టు నిలుస్తుంది.

పిండి కలిపే ముందు, ఏ పండు పెట్టొచ్చో ఏది పెట్టకూడదో చూద్దాం. ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే కాస్త ఎక్కువసేపు చెబుతాను.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషం. పచ్చివైనా, ఎండినవైనా, కాల్చిన బిస్కెట్లో ఉన్నా అంతే. మూత్రపిండాలు పాడైపోతాయి. ఎన్ని తింటే ప్రమాదం అన్నది ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఫరవాలేదు అనదగ్గ మోతాదు అంటూ ఏదీ లేదు. ద్రాక్షలో విషం ఏమిటన్నది చాలా ఏళ్లు తేలలేదు. ఇటీవలి సంవత్సరాల్లో పశువైద్య నిపుణుల అనుమానం టార్టారిక్ ఆమ్లం మీదికి వెళ్లింది. అదే ఆమ్లం చింతపండులో పుష్కలంగా ఉంది. చింతపండు తిన్న కుక్కల్లో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలను 2022లో పశువైద్య పత్రికలో ప్రచురించారు కూడా. చారు, పులుసు, పులిహోర లేని వంటిల్లు మనకు లేదు కదా. కాబట్టి ఇది మనవాళ్లు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవలసిన సంగతి. మిగిలిన పులుసన్నం కుక్క గిన్నెలో వేసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. పులుసులో ఉల్లిపాయ, వెల్లుల్లి కూడా ఉంటాయి. అవి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను చిదిమేస్తాయి.

కిస్‌మిస్ గానీ ద్రాక్ష గానీ కుక్క తినేసిందని తెలిస్తే, వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి. మొదటి గంట రెండు గంటల్లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కడుపులోది కక్కించే వీలుంటుంది. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. ఆ ఉప్పే వేరే ప్రమాదం తెస్తుంది.

జైలిటాల్ అనే తీపి పదార్థం ఇంకో ప్రమాదం. చక్కెర లేనివని అమ్మే చూయింగ్ గమ్‌లలో, కొన్ని రకాల పీనట్ బటర్‌లలో ఇది ఉంటుంది. డబ్బా మీద పేరుకు బదులు 967 అనే అంకె మాత్రమే ఉండొచ్చు. కుక్క ఇది తింటే కొద్ది నిమిషాల్లోనే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. బిస్కెట్లలో పీనట్ బటర్ వేసేవాళ్లు ఆ అంకె కోసం ముందు డబ్బా చూడాలి. చాక్లెట్, జాజికాయ, అవకాడో కూడా వద్దు.

పెట్టదగ్గ పండ్లలోనూ గింజ, టెంక తీసేయాల్సిందే. యాపిల్ గింజల్లో సైనైడ్‌గా మారే పదార్థం ఉంది. మామిడి టెంకను మింగితే పేగులో అడ్డుపడుతుంది. సీతాఫలం గింజలు విషం. గుజ్జులోంచి ఆ గింజలన్నీ ఏరడం అయ్యే పని కాదు కాబట్టి బిస్కెట్లకు ఆ పండునే వదిలేయడం మంచిది. నిమ్మ, నారింజ తొక్కల్లోని నూనెలు కుక్క కడుపుకు పడవు. జామ్‌లు, పండ్ల ఎసెన్సులు, పాకంలో ఊరిన డబ్బా పండ్లు, టూటీ ఫ్రూటీ ఏవీ అక్కర్లేదు. వాటిలో పండు కన్నా చక్కెర, రంగులే ఎక్కువ. కుక్కను లాగేది ముందుగా వాసన. మగ్గిన అరటిపండు వాసన దానికి చాలు. బెల్లం, తేనె, ఉప్పు కూడా కలపనవసరం లేదు.

ఇప్పుడు కొలతలు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. గోధుమపిండి 200 గ్రాములు. తొక్క తీసిన మగ్గిన అరటిపండు 100 గ్రాములు. ఒక కోడిగుడ్డు, పెంకు లేకుండా 50 గ్రాములు. ఇంతే. అన్నీ కలిపి 350 గ్రాముల ముద్ద వస్తుంది. మరోసారి చెబుతున్నాను: పిండి 200, అరటిపండు 100, గుడ్డు ఒకటి. బేకింగ్ పౌడర్ అవసరం లేదు. మనకు కావలసింది పొంగే కేకు కాదు, గట్టి బిస్కెట్టు.

అరటిపండును ఉండలు లేకుండా చిదిమి, గుడ్డు కొట్టి కలిపి, ఆ తర్వాతే పిండి వేయండి. నీళ్లు ఒక్క చుక్క కూడా పోయొద్దు. మొదట ముద్ద పొడిపొడిగా, పిండి చాలా ఎక్కువైనట్టు కనిపిస్తుంది. తొందరపడకండి. రెండు నిమిషాలు పిసికి, పావుగంట మూత పెట్టి వదిలేస్తే పొట్టు ఉన్న గోధుమపిండి ఆ తడిని నెమ్మదిగా పీల్చుకుని పూరీ పిండిలా బిగుతుగా వస్తుంది. అప్పటికీ విరుగుతుంటే చెంచాడు అరటి గుజ్జు, వేళ్లకు అంటుతుంటే చెంచాడు పిండి కలపండి. పచ్చి పిండిముద్దను కుక్కకు అందనివ్వొద్దు. పచ్చి పిండిలోనూ, పచ్చి గుడ్డులోనూ కడుపు చెడగొట్టే సూక్ష్మజీవులు ఉండొచ్చు.

గుడ్డు వాడని ఇళ్లలో ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి, ఆ జిగురును గుడ్డుకు బదులు వాడండి. రాగిపిండి వేయాలనుకుంటే సగం రాగి, సగం గోధుమ వేయండి. రాగిలో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ లేదు. అచ్చంగా రాగిపిండితో చేస్తే ట్రే మీదనుంచి తీసేటప్పుడే బిస్కెట్లు చిట్లిపోతాయి.

ముద్దను బేకింగ్ కాగితం మీదే పెట్టి అప్పడాల కర్రతో తొమ్మిది అంగుళాల చదరంగా ఒత్తండి. మందం అర సెంటీమీటరు కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. అన్ని వైపులా ఒకే మందం ఉండడం ముఖ్యం. అంచు పలచనై, నడుమ మందమైతే అంచు మాడేసరికి నడుమ ఇంకా పచ్చిగానే ఉంటుంది. తర్వాత అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గళ్లు వచ్చేలా చాకుతో కోస్తే 64 ముక్కలు. ప్రతి ముక్కను ఫోర్కుతో రెండు చోట్ల అడుగుదాకా పొడవండి. ఆవిరి ఆ చిల్లుల్లోంచి బయటికి పోతుంది. పొడవకపోతే పొంగి, లోపల ఖాళీ ఏర్పడుతుంది.

ఇక కాల్చడం. చాలామంది 180 డిగ్రీల వేడి పెట్టి ఇరవై నిమిషాల్లో పని ముగిస్తారు. పండు బిస్కెట్లకు అది పనికిరాదు. పండులోని చక్కెర త్వరగా ఎర్రబడుతుంది, పైపొర గట్టిపడి లోపలి తేమకు దారి మూసేస్తుంది. చూడ్డానికి బాగా కాలినట్టుంటుంది, విరిస్తే నడుమ మెత్తగా ఉంటుంది. అందుకే రెండు దశలు కావాలి. ఓటీజీని 150 డిగ్రీలకు ముందే వేడి చేసి, పైనా కిందా రాడ్లు రెండూ వేసి, నడిమి అరలో 30 నిమిషాలు ఉంచండి. బయటికి తీసి ముక్కలను విడదీసి తిరగేయండి. వేడిని 110 డిగ్రీలకు తగ్గించి ఇంకో గంట. ఆ తర్వాత స్విచ్ కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా లోపలే వదిలేయండి. ఓటీజీ మీద ఉండే అంకెకు, లోపలి అసలు వేడికి ఇరవై డిగ్రీల తేడా ఉండడం మామూలే. అంచులు ముందే నల్లబడుతుంటే మీ ఓటీజీ ఎక్కువ కాస్తోందని అర్థం. అంకెను తగ్గించుకోండి.

ఇవి ఎండాయో లేదో కంటితో చెప్పలేం. వంటింటి కాటా చెబుతుంది. గోధుమపిండిలో కూడా సుమారు పన్నెండు శాతం తేమ ఉంటుంది, కాబట్టి 200 గ్రాముల పిండిలో పొడి సరుకు 176. అరటిపండులో 25. గుడ్డులో 12 లేదా 13. మొత్తం 213 గ్రాములు. దానికి పదో వంతు కలిపితే 234. అంటే 350 గ్రాముల ముద్ద చల్లారాక సుమారు 235 గ్రాములకు దిగాలి. అలా దిగితే లోపల తేమ పది శాతం లోపే ఉన్నట్టు, ఇక బూజుకు అవకాశం తక్కువ. 260 దగ్గర ఆగిపోతే ఇంకో అరగంట 110 డిగ్రీల వేడి మీద పెట్టండి. ఈ లెక్క ఏ పండుకైనా పనికొస్తుంది. గుడ్డుకు బదులు అవిసె వాడితే 230 గ్రాములు చూసుకోండి. గుడ్డుతోనే చేస్తూ మామిడి గుజ్జు 100 గ్రాములు వేస్తే 225 దాకా దిగాలి. యాపిల్ అయితే తురిమినది 90 గ్రాములే వేయండి, ఎందుకంటే నీరు ఎక్కువ. దానికి 220 చాలు.

మామిడిలో బంగినపల్లి లాంటి పీచు లేని కోతమామిడి మంచిది. రసాలు వద్దు, ముద్ద జారిపోతుంది. బొప్పాయికి ఒక జాగ్రత్త ఉంది. పచ్చి బొప్పాయిలో ఎక్కువగా, పండిన దాంట్లో కొద్దిగా ఉండే పపేన్ అనే ఎంజైము గోధుమపిండిలోని గ్లూటెన్‌ను తెంచేస్తుంది. ముద్ద పక్కన పెట్టినకొద్దీ గట్టిపడాల్సింది పోయి జిగటగా సాగుతుంది. గుజ్జును మందపాటి మూకుడులో సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికించి, చల్లార్చి వాడితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, నీరూ కొంత తగ్గుతుంది. జామపండు గుజ్జును జల్లెడ పట్టి గింజలు తీయాలి. పుచ్చకాయతో బిస్కెట్లు చేయాలనుకోవద్దు. గింజలు తీసిన ముక్కలను ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఎండాకాలంలో అలాగే ఇవ్వండి, కుక్కకు అదే ఇష్టం.

ఓటీజీ లేనివాళ్లు మందపాటి దబరలో రెండు కప్పుల ఉప్పు గానీ ఇసుక గానీ పరిచి, దానిపై స్టాండు, స్టాండుపై పళ్లెం పెట్టి చేసుకోవచ్చు. మూత పెట్టి పది నిమిషాలు మధ్యస్థం సెగ మీద వేడెక్కించి, తర్వాత సిమ్‌లో పెట్టి సగం సరుకు చొప్పున కాల్చండి. ఇరవై నిమిషాలకు తిరగేసి, ఇంకో పదిహేను నిమిషాలు మూత కొంచెం తెరిచి ఉంచండి, ఆవిరి పోవాలి. ఈ పద్ధతిలో బిస్కెట్లు ఉడుకుతాయి గానీ పూర్తిగా ఎండవు. కాబట్టి వీటిని ఫ్రిజ్‌లోనే పెట్టి నాలుగైదు రోజుల్లో అవగొట్టాలి.

బాగా ఎండినవాటిని కూడా గోరువెచ్చగా ఉన్నప్పుడు డబ్బాలో వేసి మూత పెట్టొద్దు. మూతకు పట్టిన చెమ్మ తిరిగి బిస్కెట్ల మీదే పడుతుంది. బిగుతు మూత ఉన్న గాజు సీసాలో, పొడి వాతావరణంలో రెండు వారాలు ఉంటాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలోనూ, ఎక్కడైనా వానాకాలంలోనూ ఒక వారానికి సరిపడా బయట ఉంచి మిగతావి ఫ్రీజర్‌లో పెట్టండి. అక్కడ మూడు నెలలు నిలుస్తాయి. ఒక్క ముక్కపై బూజు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా సీసా మొత్తం పారేయండి. కొన్ని బూజుల్లో తయారయ్యే విషాలు కుక్కకు వణుకు, మూర్ఛ తెప్పిస్తాయి. పారేసేటప్పుడు వీధి కుక్కలకు అందేలా పారేయకండి, వాటికీ అదే విషం.

ఎన్ని పెట్టాలి? చిరుతిళ్లన్నీ కలిపి రోజు మొత్తం ఆహారంలో పది శాతం కేలరీలు దాటకూడదన్నది పశువైద్యులు చెప్పే హద్దు. మనం చేసిన అరటిపండు బిస్కెట్టు ఒక్కోటి సుమారు 13 కేలరీలు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన, ఎదుగుదల పూర్తయిన 5 కిలోల కుక్కకు రోజుకు రెండు ముక్కలు, 10 కిలోలదానికి నాలుగు, 20 కిలోలదానికి ఎనిమిది. మన నాటు కుక్కలు చాలావరకు 15, 20 కిలోల మధ్యే ఉంటాయి. వేరే ఏమైనా చిరుతిండి పెడితే ఆమేరకు బిస్కెట్లు తగ్గించాలి. శిక్షణలో మాటిమాటికీ ఇవ్వాలంటే ప్రతి ముక్కనూ నాలుగుగా విరవండి. కుక్కకు ముక్క సైజు కన్నా ఎన్నిసార్లు అందిందన్నదే ముఖ్యం.

మొదటిసారి పెట్టేటప్పుడు ఒక్క ముక్కే ఇచ్చి రెండు రోజులు చూడండి. విరేచనాలు, వాంతులు, చెవులు పాదాలు తెగ గోక్కోవడం, నాక్కోవడం కనిపిస్తే ఆపేయండి. గోధుమ, గుడ్డు పడని కుక్కలు ఉంటాయి. షుగర్, మూత్రపిండాల జబ్బు, క్లోమం వాపు ఉన్నవాటికి డాక్టరును అడగకుండా ఇవి పెట్టొద్దు. పళ్లు అరిగిన ముసలి కుక్కకు ఈ గట్టి బిస్కెట్టు కష్టం. దానికోసం రెండో దశ గంటను మానేసి, 150 డిగ్రీల దగ్గర 30 నిమిషాలతో ఆపేయండి. విరిచి చూసి, నడుమ పచ్చి పిండి కనిపించకపోతే చాలు. అవి మెత్తగా ఉంటాయి, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంచవచ్చు. పెట్టే ముందు అరచేతిలో పెట్టుకుని చల్లదనం పోయేదాకా ఆగితే పండు వాసన మళ్లీ బయటికి వస్తుంది. ముక్కు మందగించిన కుక్క కూడా అప్పుడు తింటుంది.