బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ, పాత బిఎస్4 పికప్: లోడు వేసి చూద్దాం

నమస్తే అండీ. బెజవాడ ఆటోనగర్‌లో ఉన్నాం. ఎడం పక్కన మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ హెచ్‌డీ, రెండు టన్నుల మోడలు. కుడి పక్కన అదే కంపెనీ బిఎస్4 పికప్, అంటే ఇప్పటి బిఎస్6 పొగ నిబంధనలు రాకముందు, 2020 ఏప్రిల్‌కి ముందుది. ఖాళీ బండి తిప్పి స్మూత్‌గా ఉందని చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి రెండిట్లోనూ మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు వేశాం. వారధి దాటి, మంగళగిరి మీదుగా గుంటూరు యార్డు దాకా రూటు.

ముందు బాడీ. కొత్తదానికి 3,050 మిల్లీమీటర్లు, అంటే పది అడుగులు. పాతది సుమారు తొమ్మిది. సిమెంటు, ఇనుము వేసేవాళ్లకి ఈ అడుగుతో పెద్ద పనిలేదు, బాడీ నిండకముందే టన్నేజీ అయిపోద్ది. మిర్చికి అట్లా కాదు. టిక్కీ నలభై, నలభై ఐదు కిలోలు. రెండు టన్నులంటే నలభై ఐదు నుంచి యాభై టిక్కీల దాకా వస్తది. తొమ్మిదడుగుల్లో అన్నీ పేర్చాలంటే పైకి లేపాల్సిందే, తాడు ఎంత బిగించినా మలుపులో పైవరస ఊగుద్ది. అడుగు పెరిగితే ఎత్తు తగ్గుద్ది, బండి నిలకడగా పోద్ది.

అయితే గ్రిల్లు, ఇనప షీటు, పైన ఫ్రేము వేయిస్తే ఆ బరువంతా మీ లోడులోంచే కోత. పని అయ్యాక ఫుల్ ట్యాంకుతో, డ్రైవర్‌తో కాటా వేయించండి. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి అది తీసేస్తే మిగిలిందే మీరు వేయాల్సిన సరుకు. ఎక్కువ వేసి దొరికితే మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000 రూపాయలు.

ఇంజను రెండిట్లోనూ రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిలే. టార్క్, అంటే లాగే బలం, పాతదానికి 195 న్యూటన్‌మీటర్లు, కొత్తదానికి 220. కొత్తదాని పవర్ 59.7 కిలోవాట్లు, దగ్గరదగ్గర 80 హార్స్‌పవర్. కాగితం మీద టార్క్‌లో 25 తేడా చిన్నదే. అదిగో, కరకట్ట ఎక్కే వాలు మీద ఆపి మళ్లీ కదిలిస్తే తెలుస్తది. పాతదాన్ని హాఫ్ క్లచ్‌లో పట్టి లాగాలి. కొత్తది ఫస్ట్ గేరులో పెద్దగా రేజ్ చేయకుండానే కదుల్తది. హైవే మీద ఫ్లైఓవర్ రాగానే పాతదానికి ఫోర్త్‌లోకి దిగాల్సొస్తది.

సెకండ్‌హ్యాండ్‌లో పాతది కొనేవాళ్లు క్లచ్ ఇట్లా చూడండి. ఫోర్త్ గేరులో ముప్పై స్పీడులో పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజను మోత లేచి స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయినట్టే. తర్వాత ఇంజను ఐడిలింగ్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీయండి. పొగ పఫ్ పఫ్‌మని కొడుతుంటే ఇంజను లోపల పిస్టన్ రింగులు, సిలిండర్ బోర్లు అరిగాయి. ఆ బండి మీద బేరం కూడా ఆడొద్దు.

ఇప్పుడు వంగి వెనక యాక్సిల్ చూడండి, ఇది చాలామంది చూడరు. యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య చిన్న రాడ్డుతో ఒక వాల్వ్ ఉంటే, అది లోడుని బట్టి వెనక బ్రేకు ప్రెషర్ సర్దుతుంది. దానికి కిలోలు తెలియవు, చాసిస్ ఎంత కిందికి దిగిందో అదే తెలుసు. ఓవర్‌లోడు కోసం కమాన్ కట్టకి, అంటే వెనక స్ప్రింగు పట్టీలకి, ఇంకో ప్లేటు వేయించారనుకోండి. లోడు పడ్డా చాసిస్ దిగదు, వాల్వ్ బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తది. ఆపాల్సిన బరువంతా ముందు చక్రాల మీదే పడుద్ది. ముందు ప్యాడ్లు త్వరగా అరిగిపోవడం, వర్షంలో బండి జారడం, అన్నీ దీంట్లోంచే. ప్లేటు వేసినచోటే రాడ్డు సెట్టింగ్ కూడా మార్పించాలి. అసలు ప్లేటే వేయించకపోతే ఇంకా మంచిది.

క్యాబిన్ గురించి ఒక్క మాట: కొత్తదాంట్లో డ్రైవర్ సీటు ఎత్తు మార్చుకోవచ్చు. పొద్దున్నుంచి రాత్రిదాకా తోలే నడుముకి అది చాలు.

కొత్తదాంతో ఇబ్బంది ఎక్కడంటే సైలెన్సర్ లైన్లో ఉండే డీపీఎఫ్ ఫిల్టర్. ఈ కంపెనీ అని కాదు, బిఎస్6 డీజిల్ పికప్పులన్నిటికీ ఉన్నదే. పొగలో మసి దాంట్లో చేరుద్ది. ఆ మసి కాలాలంటే ఫిల్టర్ దాదాపు 600 డిగ్రీలకి వేడెక్కాలి. గుంటూరు, ఏలూరు లైన్లో తిరిగే బండికి అది దానంతటదే జరిగిపోద్ది. ఆటోనగర్ నుంచి వన్‌టౌన్, వన్‌టౌన్ నుంచి భవానీపురం అంటూ కొద్ది కిలోమీటర్లకే ఆఫ్ చేసే బండికి ఆ వేడి రాదు. వేడి పెంచడానికి ఇంజను అదనంగా డీజిల్ చల్లుతుంది, మధ్యలో తాళం తిప్పేస్తే కాలని డీజిల్ కొంత రింగుల పక్కనుంచి ఆయిల్లోకి దిగుద్ది. అట్లా పదేపదే జరిగితే ఆయిల్ పలచబడి టర్బో బేరింగుల మీదకొస్తది.

మీటర్లో డీపీఎఫ్ లైటు వెలిగితే బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కూర్చోకండి. హైవే ఎక్కి ఒక గేరు తక్కువలో, యాభై అరవై స్పీడులో, ఇరవై నిమిషాలు ఆపకుండా తోలండి. లైటు ఆరకపోతే సర్వీసుకే తీసుకెళ్లాలి. ఫిల్టర్ కోసి ఖాళీ గొట్టం పెడతామనేవాళ్లు దొరుకుతారు. అట్లా చేస్తే సెన్సర్లు పట్టేస్తాయి, ఫిట్‌నెస్ దగ్గర పొగ పరీక్షలో పోద్ది. ఆయిల్ కూడా పాత బండికి పోసే రకం పోయొద్దు. మాన్యువల్లో రాసిన తక్కువ బూడిద రకమే పోయాలి, లేకపోతే ఆ బూడిద ఫిల్టర్లో పేరుకుంటుంది, మసిలాగా కాలిపోదు.

రోజంతా ఊళ్లోనే తిరిగే బండి కావాలంటే ఈ హెచ్‌డీ డీజిల్ వద్దని మా మాట. ఇదే మ్యాక్స్ రేంజిలో సిటీ సీఎన్‌జీ ఉంది, డీపీఎఫ్ గొడవ లేదు. లేదా కండిషన్ బాగున్న పాతదే నడుపుకోండి. ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ మాత్రం ఏటా చేయించాలి.

డీజిల్‌దే తీసుకుంటే వారానికోసారి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట డిప్‌స్టిక్ తీయండి. లెవల్ తగ్గితే పోస్తాం కదా, ఇక్కడ పెరిగినా కంగారు పడాల్సిందే. పై గీత దాటి, వేలికి పలచగా తగిలి, డీజిల్ వాసన కొడితే గడువు దాకా ఆగకుండా వెంటనే ఆయిల్ మార్పించండి.