వంశ నవల టీవీకి ఎక్కాలంటే వాటాలు తెలియాలి

పెద్దలకు, మిత్రులకు, వెనక బల్లల మీద కూర్చున్న కుర్రవాళ్లకు నమస్కారం. వెబ్ సిరీస్‌కి స్క్రిప్టు రాసుకుంటున్నామని మీలో కొందరు చెప్పబట్టే అమలాపురంలో మాట్లాడటానికి ఈ విషయం ఎంచుకున్నాను. రెండు మూడు నవలల పొడుగునా సాగే తరతరాల కుటుంబ కథను టీవీకి ఎలా తేవాలన్నది ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన సీరియళ్లలో ఆస్తి గొడవలకు లోటు లేదు. ఆ ఆస్తి ఎన్ని ఎకరాలు, ఎవరి పేరున ఉంది, ఏ ఏడాది పంచుకున్నారు అంటే మాత్రం చెప్పేవాళ్లుండరు. ఆ లెక్క తెలియకపోవడం వల్లే ఆ గొడవ మన మనసుకు పట్టదు.

ఈ పని బాగా చేసి చూపించినవాళ్లు ఒకరున్నారు. ఇంగ్లీషు రచయిత జాన్ గాల్స్‌వర్దీ ఫోర్సైట్ అనే కుటుంబం మీద రాసిన 'ఫోర్సైట్ సాగా'లో మొదటి నవల 1906లో వచ్చింది, తర్వాతి రెండూ 1920, 1921లో. ఆ కుటుంబం మీదే ఆయన ఇంకా రాశాడు. 1932లో నోబెల్ బహుమతి వచ్చింది. బీబీసీ 1967లో దాన్ని 26 భాగాలుగా, నలుపు తెలుపుల్లో తీసింది. మరుసటి ఏడాది ఆదివారం రాత్రులు మళ్లీ వేస్తే, జనం టీవీల ముందు నుంచి కదలక చర్చిలు సాయంత్రం ప్రార్థన వేళలు మార్చుకున్నాయి. గాల్స్‌వర్దీ పుట్టింది 1867లో. అదే ఏడాది మన ఖండవల్లిలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు పుట్టారు. ఆయన గురించి చివర్లో చెబుతాను.

మొదటి నవల 1886లో, ఒక నిశ్చితార్థం విందుతో మొదలవుతుంది. బంధువులంతా ఒకచోట చేరతారు. ఆ కుటుంబంలో పెద్దాయన జోలియన్. ఆయన కొడుకు ఎప్పుడో భార్యను, కూతుర్ని వదిలి, ఇంట్లో పిల్లకు చదువు చెప్పే ఆమెతో వెళ్లిపోయాడన్నది మనకు చెవిమాటగా తెలుస్తుంది. ముసలాయన ఒంటరితనం భరించలేక ఒక రాత్రి కొడుకును వెతుక్కుంటూ క్లబ్బుకు వెళ్తాడు. చదివేవాళ్లకు అక్కడ గొంతు పట్టేస్తుంది. బీబీసీ వాళ్లు ఈ వరుస మార్చారు. 1879కి వెనక్కి వెళ్లి, కొడుకు ఇల్లు వదలడం దగ్గరే కథ ఎత్తుకున్నారు. నవలలో గుసగుసగా విన్నది తెర మీద కళ్లారా చూస్తాం. మంచిదేనా? నా మటుకు మంచిదే. వారానికో భాగం చూసేవాడు ఇరవై మంది బంధువుల పేర్లు ఒక్క విందులో గుర్తుపెట్టుకోలేడు. ఒక తండ్రి, ఒక కొడుకు, మధ్యలో ఒక పసిపిల్ల అంటే గుర్తుంటారు. అయితే ఆ గుసగుస కూడా పోకూడదు. నవలలో తిమోతి అనే తమ్ముడి ఇంట్లో అక్కలు కూర్చుని కుటుంబంలో ప్రతి కబురూ మోస్తుంటారు. మన దగ్గర ఆ పని వీధి అరుగు చేసింది. మీ కథలో ఆ అరుగు ఉండాలి, అక్కడ ఒక మేనత్త ఉండాలి.

ఐరీన్ సంగతి ఇంకా కష్టం. ఈమె ఆ కుటుంబంలోనే సోమ్స్ అనే ఆస్తిపరుడి భార్య. అతను ఆమెను కూడా తన ఆస్తి కిందే చూస్తాడు, ఒక రాత్రి బలవంతం కూడా చేస్తాడు. ఆమె మనసులో ఏముందో రచయిత ఎక్కడా నేరుగా చెప్పడు. ఇతరుల కళ్లలోంచే ఆమె కనిపిస్తుందని ముందుమాటలో తనే రాశాడు. మరి కెమెరా ముందు మనిషి నిలబడాలి కదా! ఇక్కడ మన సీరియళ్ల అలవాటు, కోడలి ముఖం మీదికి మూడుసార్లు కెమెరా పరిగెత్తించి, మ్యూజిక్ పెట్టి, మనసులో మాట గొంతుతో వినిపించడం. దయచేసి ఆ పని చేయకండి. కోడల్ని మామగారు చూస్తుండగా చూపించండి, ఆడపడుచు చూస్తుండగా చూపించండి. ఆమె ఏమనుకుంటోందో ఇంట్లోవాళ్లకు తెలియనంత సేపు మనకూ తెలియనక్కర్లేదు. ఆ టెన్షన్ కథను నడిపిస్తుంది.

ఈ నవలలో సోమ్స్ ఊరి బయట ఒక ఇల్లు కట్టిస్తాడు. మధ్యలో చావడి, చుట్టూ ఎనిమిది స్తంభాలు, పైన గాజు కప్పు. చదివినప్పుడల్లా నాకు మన మండువా లోగిళ్లే గుర్తొస్తాయి. మనకు గాజు కప్పు ఉండదు, ఆకాశమే. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ నడిమికి దూకుతాయి. ఇప్పుడు ఆ ఇంటిని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారనుకోండి. మండువాకు అడ్డంగా గోడ లేస్తుంది. పాత లోగిళ్లలో ఈ గోడలు మీరంతా చూసే ఉంటారు. స్తంభం ఒకటి గోడలో సగం మునిగి ఉంటుంది. నీళ్లు పోయే తూము ఒకరి వైపు పడుతుంది, అవతలి వాటాలో వాన నీరు నిలిచిపోతుంది. తూము తెరవమని అన్న అడగాలి, తమ్ముడు ఒప్పుకోవాలి. ఒక భాగం మొత్తం నడపడానికి ఇంతకంటే ఏం కావాలి? విషప్రయోగాలు అక్కర్లేదు. పొలంలోనూ అంతే. ఎగువ చేను ఎవరిది, బోదె నీళ్లు ముందు ఎవరికి, పుంత ఎవరి గట్టు మీదుగా, కొబ్బరిచెట్లు తోట కొలిచి పంచారా, లెక్కపెట్టి పంచారా?

చట్టాల తేదీలు కూడా కథే. రెండో నవలలో సోమ్స్ చెల్లెలు విన్‌ఫ్రెడ్ మొగుడు, ఆమె ముత్యాల హారం ఎత్తుకుని ఒక నాట్యగత్తెతో బ్యూనస్ ఎయిరీస్ పారిపోతాడు. ఆనాటి ఇంగ్లండు చట్టంలో భర్త వ్యభిచారం ఒక్కటే భార్యకు విడాకులివ్వడానికి చాలదు. 1923 దాకా అంతే. అందుకని ఆమె ముందుగా మొగుణ్ణి కాపురానికి రమ్మని కోర్టులో దావా వేయాల్సి వస్తుంది, తీరా ఆ మనిషి నిజంగానే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు! ఆ మలుపును చట్టమే తెచ్చిపెట్టింది.

మనకూ అలాంటి తేదీలున్నాయి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన ఆడపిల్లలకు అది వర్తించలేదు. ఒక్క ఇల్లు ఊహించండి. అక్కకు 1985 వేసవిలో పెళ్లయింది, పసుపు కుంకుమల కింద అర ఎకరం ఇచ్చి పంపారు. చెల్లికి మరుసటి ఏడాది పెళ్లి. చెల్లి వాటాదారు, అక్క కాదు. ముహూర్తం ముందుకు జరిపింది ఎవరు, ఎందుకు? 2005లో కేంద్ర చట్టం మారాక అక్కకూ దారి తెరుచుకుంది, కానీ 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారాలను, అంటే ఆస్తి పంపకాలను, కదపడానికి లేదు. ఇప్పుడు ఆ ఇంటి దస్తావేజు మీద ఏ తేదీ ఉందో చూడండి. ఇరవై ఏళ్ల కథకు మూడు తేదీలు సరిపోయాయి.

వీటితోపాటు గోదావరి క్యాలెండర్ ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాలువ నీళ్లతో కొన్ని కుటుంబాలు లేచాయి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబర్ తుఫాను, 2011లో కోనసీమ రైతులు ప్రకటించిన పంట విరామం, ఇవి మన తరాల మధ్య గీతలు. తుఫానుకు కొబ్బరి తోట నేలమట్టమైతే, మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఎవరి చదువు ఆగింది, ఎవరి పెళ్లి వాయిదా పడిందన్నది రాయండి.

అందుకే డైలీ సీరియల్ రూపం దీనికి పనికిరాదని గట్టిగా చెబుతున్నాను. అక్కడ ఎవరికీ వయసు రాదు. అత్తగారు వెయ్యి ఎపిసోడ్ల తర్వాత కూడా అదే చీరలో అదే మెట్టు మీద ఉంటుంది. వంశ కథలో చూసేవాడికి సోమ్స్ మీద మొదట అసహ్యం పుట్టాలి, అతను ముసలివాడై కూతురి కోసం తపిస్తుంటే జాలి కలగాలి. బీబీసీ సీరియల్ చూసినవాళ్లు సోమ్స్ పక్షం, ఐరీన్ పక్షం అని విడిపోయి వాదించుకున్నారు. ఒకే నటుడు, ఎరిక్ పోర్టర్, యవ్వనం నుంచి వృద్ధాప్యం దాకా ఆ పాత్ర వేయడం వల్ల అది సాధ్యమైంది. వారానికి ఒకటి చొప్పున ఓ పాతిక భాగాలు చాలు.

మాట గురించి కూడా ఒక్క ముక్క చెప్పాలి. మన యాసను తెర మీద నవ్వులకే వాడి వాడి, ప్రతి వాక్యం చివర 'ఆయ్' తగిలిస్తే గోదావరి మనిషి అయిపోతాడనుకుంటున్నారు. ఈ యాసలో ఏడ్చారు, అప్పులిచ్చారు, పంపకాలు చేసుకున్నారు, కూతుళ్లను సాగనంపారు. ఆ గొంతుతో గంభీరమైన మాట రాయండి.

చివరగా హక్కులు. ఫోర్సైట్ నవలల సినిమా హక్కులు ఎంజీఎం అనే అమెరికా సినిమా కంపెనీ దగ్గర ఉండిపోవడంతో బీబీసీ నిర్మాత డొనాల్డ్ విల్సన్ ఏళ్లపాటు ఆగాల్సి వచ్చింది. మన చట్టంలో రచయిత మరణించిన అరవై ఏళ్లకు హక్కులు తీరిపోతాయి. చిలకమర్తి వారు 1946లో, అడివి బాపిరాజు గారు 1952లో పోయారు. కాబట్టి తాత, తండ్రి, మనవడు మూడు తరాల మీదుగా నడిచే 'గణపతి'కి గానీ, కోనసీమ కుర్రాడు జమీందారు గారి అల్లుడయ్యే 'నారాయణరావు'కు గానీ మీరు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. తర్వాతి తరం రచయితల పుస్తకాలైతే వారసులందరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోండి, వరుసలో ఉన్న నవలలన్నిటికీ కలిపి. సభ అయ్యాక ఉండగలిగినవాళ్లు ఉండండి. 'గణపతి' ప్రతి నా దగ్గర ఉంది. మొదటి తరాన్ని ఎన్ని భాగాలు చేయొచ్చో కలిసి చూద్దాం.