‘కచ్చితంగా’ ఊహించడం: ప్రిడిక్ట్ పక్కన ఏ మాట నప్పుతుంది?

నమస్కారం. తెలుగులో ‘కచ్చితంగా’ అనే ఒక్క మాటతో మనం ఎన్నో పనులు చేయించుకుంటాం. ‘కచ్చితంగా వస్తాను’ అంటే తప్పకుండా వస్తానని, ‘కచ్చితంగా పదింటికి’ అంటే సరిగ్గా పదింటికని, ‘కచ్చితంగా చెప్పలేం’ అంటే నిశ్చయంగా తెలియదని అర్థం. ఇంగ్లీషులో ఈ మూడింటికీ మూడు వేరు మాటలున్నాయి. వాటిలో ఏది ప్రిడిక్ట్ అనే క్రియతో జతకడుతుందో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా నామవాచకం. మనం జోస్యం చెబుతాం కాబట్టి ‘టెల్ ఎ ప్రిడిక్షన్’ అని రాయాలనిపిస్తుంది, కానీ ఇంగ్లీషువారు ‘మేక్ ఎ ప్రిడిక్షన్’ అంటారు. వాతావరణం విషయంలో ఫోర్‌కాస్ట్ అనే మాట ఎక్కువ వాడతారు. ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి ముందుకు వెళ్దాం.

ఇప్పుడు తెరమీద గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ కనిపిస్తోంది. ఏ మాట పుస్తకాల్లో ఎంత తరచుగా వస్తుందో గీతలుగా చూపించే సాధనం ఇది. పెట్టెలో ‘యాక్యురేట్‌లీ ప్రిడిక్ట్’, కామా, ‘ఎగ్జాక్ట్‌లీ ప్రిడిక్ట్’ అని కొట్టి ఎంటర్ నొక్కుతున్నాను. పైకి ఎగబాకిన గీత యాక్యురేట్‌లీది. అడుగున నేలను అంటుకుని ఉన్నది ఎగ్జాక్ట్‌లీది. మాట తెలియనప్పుడు దాని స్థానంలో నక్షత్రం గుర్తు పెడితే, పుస్తకాల్లో అక్కడ ఎక్కువగా వచ్చే పది మాటలను ఇదే చూపిస్తుంది. నిఘంటువు తెరవడానికి ముందే నేను ఈ పని చేస్తాను.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే నేను బోల్తా పడింది ఇక్కడే. ఒక నివేదికలో ‘వి కెనాట్ ఎగ్జాక్ట్‌లీ ప్రిడిక్ట్ వెన్’ అని రాస్తే, దిద్దినవారు ఎగ్జాక్ట్‌లీని ఎర్ర సిరాతో చుట్టి, బాణం గీసి, క్రియకు అవతలి పక్కకు జరిపారు. అంతకు మించి ఏమీ మార్చలేదు. వ్యాకరణం ప్రకారం నా వాక్యం తప్పు కాదు కాబట్టి కారణం నాకు చాలాకాలం అర్థం కాలేదు. తెరమీద మళ్లీ చూడండి: ‘ప్రిడిక్ట్ ఎగ్జాక్ట్‌లీ వెన్’, ‘ప్రిడిక్ట్ ఎగ్జాక్ట్‌లీ వేర్’, ‘ప్రిడిక్ట్ ఎగ్జాక్ట్‌లీ హౌ మెనీ’. ఎగ్జాక్ట్‌లీ అనే మాట సాధారణంగా ఊహించే పనికి కాక, దాని తరువాత వచ్చే ప్రశ్నపదానికి అంటుకుంటుంది. అంటే సరిగ్గా ఎప్పుడు, సరిగ్గా ఎక్కడ, సరిగ్గా ఎన్ని. యాక్యురేట్‌లీ మాత్రం క్రియను పట్టుకుని దాని ముందే నిలబడుతుంది.

ఇక యాక్యురేట్, ప్రిసైస్. యాక్యురేట్ అంటే నిజానికి సరిపోయేది, ప్రిసైస్ అంటే చిన్న వివరం దాకా తేల్చి చెప్పేది. రేపు 23.4 మిల్లీమీటర్ల వాన పడుతుందని చెబితే అది ప్రిసైస్ ప్రిడిక్షన్; చుక్క కూడా పడకపోయినా అది ప్రిసైసే, యాక్యురేట్ మాత్రం కాదు. తేడా ఎంతో చెప్పడానికి ‘టు వితిన్’ అనే జంట ఉంది. 1846 సెప్టెంబరులో బెర్లిన్ వేధశాలలో ఖగోళశాస్త్రవేత్త గాలె నెప్ట్యూన్ గ్రహాన్ని చూసినప్పుడు, ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త లెవెరియె లెక్కకట్టిన చోటికి అది ఒక డిగ్రీ లోపే ఉంది. అందుకే అక్కడ ‘టు వితిన్ ఎ డిగ్రీ’ అంటారు.

‘కరెక్ట్‌లీ ప్రిడిక్టెడ్’ అనే జంట ఎక్కువగా ఫలితం తేలిపోయిన తరువాత వస్తుంది. ఇప్పుడు హ్యాలీ పేరుతో పిలిచే తోకచుక్క 1758లో తిరిగి వస్తుందని ఇంగ్లీషు ఖగోళశాస్త్రవేత్త హ్యాలీ చెప్పాడు. ఆయన 1742లోనే కన్నుమూశాడు, తోకచుక్క 1758 డిసెంబరు 25న కంటబడింది. ఈ సందర్భానికి కరెక్ట్‌లీ చక్కగా అతుకుతుంది. అది సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే సమయాన్ని 1759 ఏప్రిల్ మధ్యగా ఫ్రెంచి గణితవేత్త క్లెరో లెక్కకట్టగా, అసలు రోజు మార్చి 13 అయింది. కాబట్టి ఆయన గురించి రాసేటప్పుడు కరెక్ట్‌లీ కంటే ‘టు వితిన్ అబౌట్ ఎ మంత్’ అనడమే న్యాయం.

‘కచ్చితంగా చెప్పలేం’ అన్నదానికి ‘కెనాట్ ప్రిడిక్ట్ విత్ ఎనీ సర్టెన్టీ’ రాయండి. వ్యతిరేకార్థంలో ఆ ఎనీని మరవకండి. ‘ష్యూర్‌లీ ప్రిడిక్ట్’ జోలికి వెళ్లకండి, ఎందుకంటే ఇంగ్లీషువారు ష్యూర్‌లీని తరచుగా ‘అంతేకదా, ఔననండి’ అని ఎదుటివారిని బతిమాలే ధోరణిలో వాడతారు. చివరిగా ‘సేఫ్‌లీ ప్రిడిక్ట్’. ఇందులో భద్రత ప్రసక్తి లేదు. పందెం కాసినా ఓడిపోమన్నంత ధీమాతో చెప్పగలమని దాని అర్థం.