హంస మండలం వైపు నుంచి

మిత్రులారా, హైదరాబాదులో ఎక్కడ పునాది తవ్వినా గ్రానైటు తగులుతుంది. ఆ రాతిలో యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. కృష్ణ పదార్థాన్ని (డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనబడకుండా గురుత్వాకర్షణ ద్వారానే ఉనికి తెలిసే పదార్థాన్ని) వెతికేవారికి ఇలాంటి రాయితోనే పెద్ద చిక్కు. రాతి నుంచి వెలువడిన న్యూట్రాన్ తగిలితే డిటెక్టర్‌లోని పరమాణు కేంద్రకం పక్కకు జరుగుతుంది. కృష్ణ పదార్థ కణం తగిలినా జరగాల్సింది అదే. అందుకే అంతరిక్ష కిరణాలను తప్పించుకోవడానికి గనుల్లోకి, సొరంగాల్లోకి వెళ్లినా, తాకిడులను లెక్కపెట్టినంత మాత్రాన అనుమానం తీరదు.

ఇటలీలోని గ్రాన్ సాసోలో డామా ప్రయోగం కృష్ణ పదార్థానిదంటూ ఏటా పెరిగి తగ్గే సంకేతాన్ని ఏళ్ల తరబడి చూపుతూ వచ్చింది. అదే రకం సోడియం అయొడైడ్ స్ఫటికాలతో స్పెయిన్, కొరియాల్లో వెతికినవారికి అది కనబడలేదు. ఋతువులతో పాటు మారేవి భూమి మీద బోలెడు!

దిక్కు సంగతి వేరు. సూర్యుడు మనల్ని వెంటబెట్టుకుని సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో పాలపుంతలో హంస మండలం (సిగ్నస్ అనే నక్షత్రరాశి) వైపు సాగుతున్నాడు. గాలి లేని రోజున స్కూటరు నడిపినా ముఖానికి గాలి కొడుతుంది కదా, అలాగే కృష్ణ పదార్థ కణాలు ఎక్కువగా ఆ దిక్కు నుంచే రావాలి. మన అక్షాంశం 17 డిగ్రీలు. ఇక్కడ ఆ దిక్కు రోజులో ఒక సమయంలో ఉత్తరాన 60 డిగ్రీల ఎత్తున ఉంటే, దాదాపు 12 గంటల తర్వాత దిగంతం కిందికి దిగిపోతుంది. అప్పుడు కణాలు భూమిలోంచి దూసుకువస్తాయి. ఈ చక్రం 24 గంటలది కాదు, 23 గంటల 56 నిమిషాలది. ఆ నాలుగు నిమిషాలే రోజురోజుకూ పోగై, ఆరు నెలల్లో పగటి వంతు రాత్రికి చేరుతుంది. ఎండకో, చలికో, కరెంటు వాడకానికో ముడిపడిన దోషం అలా వేళ మారదు. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ స్పెర్గెల్ 1988లోనే ఈ దారి చూపాడు.

దారి ఉంది, నడక కష్టం. పెద్ద డిటెక్టర్లలో వాడే ద్రవ జెనాన్‌లో కదిలిన కేంద్రకం మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా పోకుండా ఆగిపోతుంది. దాని జాడ గీతలా కనబడాలంటే పలచని వాయువు కావాలి. ఇంగ్లండులోని బౌల్బీ గనిలో డ్రిఫ్ట్ అనే వాయు డిటెక్టర్ బృందం వాతావరణ పీడనంలో సుమారు ఇరవయ్యోవంతు దగ్గర పనిచేసింది. అలాంటి వాయువు ఘనమీటరుకు పావుకిలో కూడా తూగదు. అమెరికాలోని ఎల్‌జెడ్ అనే ద్రవ జెనాన్ డిటెక్టర్‌లో తాకిడులను పట్టే జెనానే 7 టన్నులుంది. పైగా గీత దొరికితే సరిపోదు, దాని మొదలేదో చివరేదో కూడా తేలాలి.

అయినా ఈ వాయు డిటెక్టర్లను చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. 2024లో ద్రవ జెనాన్‌తో పనిచేసే పాండాఎక్స్, జెనాన్ఎన్‌టీ బృందాలు సూర్యుడి న్యూట్రినోల (దేన్నైనా దూసుకుపోయే అతి తేలిక కణాల) తాకిడుల జాడలు కనబడ్డాయని ప్రకటించాయి. ఎంత లోతుకు వెళ్లినా న్యూట్రినోలను ఆపలేం. అయితే అవి సూర్యుడి వైపు నుంచే వస్తాయి, సూర్యుడేమో ఏడాదిలో ఏ రోజూ హంస మండలంలో అడుగుపెట్టడు.