మంచులో నడవడానికి వాటర్‌ప్రూఫ్ ప్యాంటే కావాలా?

[తెర మీద: బల్ల మీద రెండు ప్యాంట్లు. మధ్యలో మూత పెట్టిన గిన్నె, పొయ్యి]

మంచులో హైకింగ్‌కి ఏ ప్యాంటు కొనాలి అని ఎవరడిగినా ముందు వచ్చే సలహా ఒకటే. "మంచు కదా, వాటర్‌ప్రూఫ్ తీసేసుకో." ఈ మాట విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆ సలహా పట్టుకుని వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి తడి కాళ్ళతో కిందికి దిగుతారు. ప్యాంటు కారిందనుకుని ఇంకా ఖరీదైనది కొంటారు. చాలాసార్లు ఆ ప్యాంటు కారలేదండీ. ఆ నీళ్ళు లోపల్నుంచి వచ్చాయి. అది చెమట. మంచులో ఎక్కేటప్పుడు చాలాసార్లు కావాల్సింది సాఫ్ట్‌షెల్, అంటే ఆవిరిని బయటికి వదిలే, సాగే నేత ప్యాంటు.

ఈ గిన్నె చూడండి. నీళ్ళు పోసి, పొయ్యి వెలిగించి, మూత పెట్టాం. ఇప్పుడు మూత తీసి తిరగేద్దాం.

[దగ్గరగా: మూత లోపలివైపు నీటి బొట్లు]

బయటి నుంచి ఒక్క చుక్క కూడా పడలేదు, అయినా మూత లోపలంతా తడే. ఇప్పుడు ఇదే మూత మీద ఐసు ముక్కలు పెడితే? బొట్లు ఇంకా తొందరగా కడతాయి, ఇంకా లావుగా కడతాయి, టపటపా గిన్నెలోకే రాలతాయి. మైనస్ 10 డిగ్రీల్లో కొండ ఎక్కుతున్నప్పుడు మీ వాటర్‌ప్రూఫ్ ప్యాంటు ఐసు పెట్టిన మూతే. తొడలు పొయ్యి. నడిచినంతసేపూ పొయ్యి మండుతూనే ఉంటుంది.

"కానీ ట్యాగు మీద బ్రీతబుల్ అని ఉందిగా, 20,000 గ్రాములు అని రాశారుగా" అంటారు. ఉంటుంది, అబద్ధం కాదు. ఒక చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో అన్ని గ్రాముల ఆవిరి దాటుతుందని ఆ అంకెకి అర్థం. అయితే ఆ పరీక్ష జరిగేది వెచ్చటి ల్యాబులో. పైగా పరీక్ష పద్ధతులు నాలుగైదు రకాలున్నాయి, ఒక కంపెనీ 20,000నీ ఇంకో కంపెనీ 20,000నీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. కొండ మీద ఇంకో చిక్కుంది. ప్యాంటు గుడ్డే చల్లబడిపోయి ఉంటుంది కాబట్టి, ఆవిరి మెంబ్రేన్, అంటే గుడ్డకి అంటించిన నీళ్ళాపే పల్చటి పొర, దాటకముందే దాని లోపలివైపు నీరైపోతుంది. చలి మరీ ఎక్కువైతే ఆ నీరు కూడా కాదు, సన్నటి మంచు పొర కడుతుంది.

స్నోషూలు, అంటే మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు, వేసుకుని ఎత్తు ఎక్కడం మామూలు నడక లాంటిది కాదు. ప్రతి అడుగుకీ మంచులోంచి కాలు పైకి లాగాలి, దాంతోపాటు స్నోషూ బరువూ లేపాలి. గట్టిగా ఎక్కితే గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పట్టేవాళ్ళున్నారు. నడుస్తున్నంతసేపూ ఆ తడి తెలీదు, పొయ్యి మండుతోంది కాబట్టి. ఆగి సంచీ దించిన పది నిమిషాలకి అసలు సంగతి బయటపడుతుంది. నీరు వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వణుకు అప్పుడు మొదలవుతుంది.

మరి సాఫ్ట్‌షెల్ ఏం చేస్తుంది? గిన్నెకి మూత బదులు వాసెన కట్టామనుకోండి. గట్టిగా నేసిన గుడ్డ, మూతి చుట్టూ బిగించి. దుమ్ము లోపల పడదు, నాలుగు చినుకులు పడినా పైన జారిపోతాయి. లోపలి ఆవిరి మాత్రం పోగుల మధ్యనుంచి దాని దారిన అది పోతుంది. సాఫ్ట్‌షెల్ పని అంతే. నైలాన్ లేదా పాలియెస్టర్ నేత, సాగడం కోసం అందులో 5 నుంచి 15 శాతం దాకా ఎలాస్టేన్, పైన నీళ్ళు నిలవకుండా ఒక పూత.

[దగ్గరగా: ప్యాంటు తొడ భాగం మీద తెల్లటి మంచు పొడి]

ఇది చూడండి. బాగా చలిగా ఉన్న రోజు గంటసేపు ఎక్కి ఆగితే, మంచి సాఫ్ట్‌షెల్ తొడల మీద పిండి చల్లినట్టు తెల్లగా నూగు కడుతుంది. కొత్తవాళ్ళు ప్యాంటు తడిసిపోయి గడ్డకట్టిందని కంగారుపడతారు. లోపలి ఆవిరి గుడ్డ దాటి బయటికొచ్చాక గడ్డకట్టిన నూగది. అరచేత్తో దులిపితే పోతుంది. ఆ మంచు లోపలివైపు కాకుండా బయటివైపు కట్టిందంటే మీ ప్యాంటు దాని పని అది చేస్తోందన్నమాట.

సరే, వాసెన అన్నాం. కానీ సాఫ్ట్‌షెల్ అనే పేరు కింద దుకాణాల్లో కనీసం నాలుగు రకాలు అమ్ముతున్నారు. కొనేటప్పుడు తప్పులు జరిగేది ఇక్కడే.

ఒకటి, ఒంటి పొర నేత. సన్నటి వాసెన. చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాముల గుడ్డ, లోపల అస్తరు ఉండదు. చాలా తొందరగా ఆరుతుంది. గాలి కొంత లోపలికి వస్తుంది. రెండు, డబుల్ వీవ్. రెండు రకాల పోగులు కలిపి ఒకే గుడ్డగా నేస్తారు, బయట గరుకు నైలాన్, లోపల ఒంటికి తగిలే వైపు మెత్తటి పోగు. లోపలి పోగు చెమటని పీల్చి వెడల్పుగా పరుస్తుంది, బయటి పోగు రాపిడికి ఆగుతుంది. 200 నుంచి 260 గ్రాములు. మంచులో నడకకి ఒక్కటే ప్యాంటు కొనగలిగితే ఇదే కొనండి, నా ఓటు దీనికే.

మూడోది లోపల ఫ్లీస్, అంటే నూగున్న వెచ్చటి గుడ్డ, అంటించినది. దుకాణంలో చెయ్యి లోపలికి పెట్టి చూసి, అబ్బ ఎంత వెచ్చగా ఉందో అని మురిసిపోయి కొనేది ఇదే. ఆ వెచ్చదనం నిలబడి ఉన్నప్పుడు హాయిగానే ఉంటుంది. ఎక్కడం మొదలుపెట్టిన ఇరవై నిమిషాలకి పొయ్యి మంట పెరుగుతుంది, ఆ ఫ్లీస్‌ని మీరు విప్పలేరు. విడిగా వేసుకున్న బేస్ లేయర్‌నైతే, అంటే ఒంటికి అంటి ఉండే లోపలి పొరనైతే, మార్చవచ్చు, మానేయవచ్చు. చదును నేల మీద మెల్లగా నడిచేవాళ్ళకి, గంటలకొద్దీ నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళకి, మైనస్ 15 కన్నా కిందికి పోయే చలికి ఫ్లీస్ రకం బాగుంటుంది. నిటారుగా ఎక్కేవాళ్ళకి వద్దే వద్దు.

నాలుగోది గాలి ఆపే మెంబ్రేన్ ఉన్న సాఫ్ట్‌షెల్. వాసెన కింద గుట్టుగా మూత దాచిపెట్టినట్టు. పట్టుకుంటే మెత్తగా ఉంటుంది, సాగుతుంది, పేరూ సాఫ్ట్‌షెల్లే, కానీ ఆవిరి సంగతికొచ్చేసరికి మళ్ళీ మూత కథే. దీన్ని కనిపెట్టడం సులువు.

[ప్రెజెంటర్ గుడ్డని పెదవులకి ఆనించి ఊదుతాడు]

గుడ్డని పెదవులకి గట్టిగా ఆనించి ఊదండి. అవతలి వైపు అరచెయ్యి పెట్టండి. వెచ్చటి గాలి చేతికి తగిలితే అది వాసెన. బుగ్గలు ఉబ్బిపోయి గాలి అస్సలు దాటకపోతే లోపల మెంబ్రేన్ ఉంది. సన్నగా, ఒత్తితే కొంచెం దాటితే డబుల్ వీవ్‌కి అది సరైన లక్షణం. తొడల ముందు, మోకాళ్ళ దగ్గర, పిరుదుల దగ్గర, పిక్కల వెనక నాలుగు చోట్లా ఊది చూడండి, ఎందుకంటే ముందువైపు మాత్రమే మెంబ్రేన్ వేసి వెనక మామూలు నేత వదిలే ప్యాంట్లు కూడా వస్తున్నాయి. గాలి ఎదురుగా కొట్టే బోడి కొండల మీద ఆ రకం చాలా తెలివైన ఎంపిక. మూత సగమే పెట్టి సగం వదిలేసినట్టు.

ఇప్పుడు వాటర్‌ప్రూఫ్ పక్షం కూడా న్యాయంగా చెప్పాలి. మైనస్ 5 కన్నా చల్లగా ఉంటే మంచు పొడిపొడిగా ఉంటుంది, గుడ్డ మీద పడినా దులిపితే రాలిపోతుంది. సున్నాకి దగ్గరైతే అదే మంచు తడితడిగా, బరువుగా అంటుకుంటుంది, ఒంటి వేడికి కరిగి సాఫ్ట్‌షెల్‌లోకి ఇంకుతుంది. సున్నా నుంచి ప్లస్ 3 మధ్య వాన, మంచు కలిసి పడే రోజైతే సాఫ్ట్‌షెల్ ఓడిపోతుంది. అది మొండిగా ఒప్పుకోకపోతే ప్రమాదం, నిజంగా ప్రమాదం. అందుకని సంచిలో పల్చటి హార్డ్‌షెల్, అంటే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు ఒకటి మడిచి ఉంచుకోండి. దాని పక్క జిప్పు నడుము దాకా తెరుచుకోవాలి, లేకపోతే బూట్లు, స్నోషూలు విప్పితే గానీ అది ఎక్కదు. అవసరమైనప్పుడు మూత పెట్టండి, పనైపోగానే తీసేయండి.

చలిని బట్టి లోపల ఏం వేయాలంటే: ప్లస్ 5 నుంచి మైనస్ 5 దాకా ఎక్కుతున్నప్పుడు సన్నటి సాఫ్ట్‌షెల్ ఒక్కటే చాలామందికి చాలు. మైనస్ 5 నుంచి మైనస్ 15 దాకా డబుల్ వీవ్, లోపల 150 నుంచి 200 గ్రాముల మెరినో ఉన్ని లేదా సింథటిక్ బేస్ లేయర్. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే పావుగంటలో చెమట ఖాయం. కొనేటప్పుడు ఆ బేస్ లేయర్ తొడుక్కునే వెళ్ళండి, సన్నటి లోదుస్తుల మీద సరిపోయిన సైజు చలిలో బిగుసుకుపోతుంది.

ఇక స్నోషూలకే ప్రత్యేకమైన సంగతి.

[దగ్గరగా: ప్యాంటు చీలమండ లోపలివైపు, చిరుగు]

ఈ చిరుగు ఎక్కడుందో చూడండి. చీలమండ లోపలివైపు, అంచు నుంచి జానెడు లోపే. స్నోషూలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి కాళ్ళు ఎడంగా వేయాలి. అలిసిపోయాక ఎడం తగ్గుతుంది, ఒక స్నోషూ అంచో, కింది ఇనుప పళ్ళో రెండో కాలి గుడ్డని గీరుతుంది. కాబట్టి ఆ చోట మందపాటి గట్టి గుడ్డ అతుకు ఉండాలి, కార్డ్యూరా లాంటిది. కనీసం జానెడు ఎత్తు. నాలుగు వేళ్ళ ఎత్తు అతుకు అలంకారానికే పనికొస్తుంది. కాలి అంచు మరీ వెడల్పుగా ఉన్నా ఇదే గతి, ఆ వదులు గుడ్డే పళ్ళకి చిక్కేది. అంచు దగ్గర బిగించే తాడో బొత్తామో ఉందా చూడండి.

రెండో సంగతి, స్నోషూ తోక. మడమ లేపిన ప్రతిసారీ అది వెనకనుంచి మంచుని ఎగజిమ్ముతుంది. పిక్కల మీద, తొడల వెనక, చివరికి పిరుదుల మీద కూడా పడుతుంది. మామూలు హైకింగ్‌లో లేని బెడద ఇది. అందుకే వెనకవైపు గుడ్డ నున్నగా ఉండాలి. నూగు ఉన్న గుడ్డకి మంచు ఉండలు కట్టి అంటుకుపోతుంది. కొన్ని ప్యాంట్లకి కాలి లోపల సాగే పట్టీ, బూటు తాడుకి తగిలించే కొక్కెం ఇస్తారు. చీలమండ దాకా మంచుకి అది చాలు. అంతకన్నా లోతైతే గెయిటర్లు, అంటే బూటు పైనుంచి పిక్క దాకా చుట్టుకునే తొడుగులు, విడిగా వేసుకోవాల్సిందే, ప్యాంటు పైనుంచి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

తొడ పక్కన గాలి జిప్పులు. ఉంటే మంచిది, మూత ఓరగా తీసినట్టు. రెండు వైపులనుంచీ తెరుచుకునే జిప్పు కావాలి. వెనక వల ఉంటే మంచు లోపల పడదు, గాలి మాత్రం కాస్త తగ్గుతుంది. చెమట పట్టాక కాదు, ఎక్కడం మొదలెట్టకముందే తెరవండి.

కొలత. దుకాణంలోనే కుర్చీ ఎత్తుకి మోకాలు లేపండి, తర్వాత పూర్తిగా గొంతుక్కూర్చోండి. మోకాలి దగ్గర గుడ్డ లాగినా, నడుము వెనక కిందికి జారినా వద్దు. మోకాళ్ళ దగ్గర వంపు తిప్పి కుట్టారా, రెండు కాళ్ళు కలిసే చోట అదనపు ముక్క వేశారా చూడండి. అది లేకుండా నాలుగు కుట్లూ ఒకేచోట కలిస్తే చిరిగేది అక్కడే.

నడుము. సంచీ నడుము పట్టీ దాని మీదే కూర్చుంటుంది. లావు బెల్టు, ఇనుప బొత్తాలు, వెనక గుత్తిగా ఎలాస్టిక్ ఉంటే రెండు గంటల్లో ఒరుసుకుంటుంది. చదునుగా ఉండాలి. భుజాల పట్టీలు తగిలించే ఉచ్చులుంటే ఇంకా మంచిది.

జేబులు. నడుము దగ్గర జేబులు సంచీ పట్టీ కింద నలిగిపోతాయి, చెయ్యి పట్టదు. తొడ మీద జిప్పు జేబు ఒకటి చాలు. జిప్పుకి తాడు ఉండాలి, గ్లవ్సుతో పట్టుకోవాలిగా. ఫోను మాత్రం అక్కడ పెట్టకండి, చలికి బ్యాటరీ పడిపోతుంది, జాకెట్టు లోపల ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

పైపూత, ఉతకడం. మురికి, సంచీ రాపిడి పూతని చంపేస్తాయి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ ఎప్పుడూ వేయొద్దు. టెక్నికల్ దుస్తుల కోసం అమ్మే ద్రవంతో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్లో తక్కువ వేడి మీద ఆరబెట్టండి. ఆ వేడికే చాలాసార్లు పూత మళ్ళీ లేస్తుంది. ఆరాక తొడ మీద నాలుగు చుక్కల నీళ్ళు వేయండి. ముత్యాల్లా నిలిచి జారితే ఇంకేం చేయక్కర్లేదు. గుడ్డలోకి పరుచుకుపోతే అప్పుడు కొత్త పూత వేయండి, అదీ స్ప్రే రకం, బయటివైపు మాత్రమే: తొడల ముందు, మోకాళ్ళు, పిరుదులు, పిక్కల వెనక. వాషింగ్ మెషిన్లో పోసే రకం వద్దు. అది లోపలి పోగులకీ పట్టేస్తుంది, చెమట పీల్చాల్సిన వైపే నీళ్ళని తోసేయడం మొదలుపెడుతుంది.