సంచి మీద ఏ పేరు?

సుజాత: నమస్కారం, గుంటూరు నుంచి మళ్లీ మేమే. ఇంగ్లిష్ 'పెప్పర్'ను పోర్చుగీసులో ఏమనాలన్నది ఈ వారం విషయం. బ్రెజిల్‌కు మిర్చి పంపబోతున్న శ్రోత ఒకరు అడిగారు.

మూర్తి: ఆ భాష మనకేమీ పరాయిది కాదమ్మా. బాల్చీ, మేస్త్రీ, అనాస...

సుజాత: బాబాయ్, మేస్త్రీ సంగతి మన వాళ్లకు కంఠతా వచ్చేసింది.

మూర్తి: సరే. 'పిమెంత' అంటే మిరియమూ అవుతుంది, మిరపా అవుతుంది. మిరియాలనే విడిగా చెప్పాలంటే బ్రెజిల్‌లో 'పిమెంత దో రెయ్‌నో' అంటారు. 'పిమెంతావ్' అంటే కూర క్యాప్సికం. సంచి మీద అది వేస్తే ఘాటుకు పేరుపడ్డ మన తేజ రకం మిర్చి పరువు పోయినట్టే!

సుజాత: 'దో రెయ్‌నో' అంటే?

మూర్తి: రాజ్యానిది అని. పోర్చుగల్ రాజ్యం మీదుగా వచ్చింది కనుక.

సుజాత: పండింది మలబారులో! 1498లో వాస్కో డ గామా కాలికట్‌కు వచ్చింది ఆ మిరియం లాంటి సరుకు కోసమే కదా. తీగ పెంచినవాడి ఊసు లేదు, ఓడలు నడిపినవాడి రాజ్యం మాత్రం పేరులో కూర్చుంది. వింటుంటేనే ఒళ్లు మండుతోంది.

మూర్తి: కొనేవాడికి తెలిసేది సంతే. ఖమ్మంలో పండినా, ప్రకాశంలో పండినా మన యార్డుకు చేరితే గుంటూరు మిర్చి అనే కదా అంటారు?

సుజాత: అది వేరు.

మూర్తి: ఎలా వేరు?

సుజాత: ఖమ్మం రైతు టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో పాటు తనూ వస్తాడు. కొనేవాడు కాయ విరిచి, గింజలు రాల్చి, రంగు పోయిన తాలు కాయలు ఎన్ని ఉన్నాయో చూసి ధర చెబుతుంటే ఎదురుగా నిలబడతాడు. అక్కడ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ధర పలికినప్పుడు మలబారు రైతు ఎక్కడున్నాడు?

మూర్తి: ఎదురుగా నిలబడ్డంత మాత్రాన ధర అతని చేతిలో ఉంటుందా?

సుజాత: ఉండదు. ధర పడిపోయిన ఏడాది ఆ ముఖాలు మనం చూశాం.

మూర్తి: చూశాం.

సుజాత: ...ఇంకేదైనా చెప్పండి, బాబాయ్.

మూర్తి: మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. ఇక్కడికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. మనవాళ్లు మిరియం పేరు మీదుగానే దాన్ని మిరప అన్నారు. ఇంగ్లిష్ 'పెప్పర్' మన పిప్పలి నుంచి గ్రీకు, లాటిన్ దాటి వెళ్లింది.

సుజాత: బాలింతలకు పెట్టే పిప్పళ్లేనా?

మూర్తి: అవే. 'పిమెంత' మాత్రం రంగు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. తువాలు కూడా వాళ్లదే, దాని కథ...

సుజాత: తువాలు వద్దు. శ్రోతకు సమాధానం చెప్పండి.

మూర్తి: 'పిమెంత వెర్మేల్యా' అని వేయమను, ఎర్ర మిరప అని. తునకలుగా పంపితే 'పిమెంత కలాబ్రెజా'.

సుజాత: రాజ్యం పేరు మాత్రం నేను ఒప్పుకోను.

మూర్తి: ఒప్పుకోకు. మిరియాలు పంపేవాళ్లు ఎవరైనా అడిగితే అదే చెప్పక తప్పదు.

సుజాత: ఈయన పంపేది మిర్చే కదా?

మూర్తి: మిర్చే.

సుజాత: అయితే ఆ మాట అవసరమే లేదు.